రంగులమ్మ ముట్టుకోని ఫోను

మా పెద్దమ్మ గొంతు పెద్దది. కొత్తవాళ్లతో ఈ మాట అంటే నన్ను ఎగాదిగా చూస్తారు. ఎందుకంటే ఆవిడకి పుట్టినప్పటి నుంచీ వినిపించదు, నోటితో ఒక్క ముక్క మాట్లాడదు. మాట్లాడేదంతా చేతులతోనే. కానీ చేతుల్లోనూ గొంతులుంటాయి. కొందరు వేళ్ల చివర్లతో గొణుగుతారు. మా పెద్దమ్మ భుజాల దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. ఉప్పు అయిపోయిందని చెప్పినా పక్కనున్నవాళ్లు ఓ అడుగు వెనక్కి జరగాలి. కోపం వచ్చినప్పుడైతే అరలో డబ్బాలు తీసి దూరంగా పెట్టుకోవడం మాకు అలవాటు.

వీధిలో అందరూ ఆవిడని రంగులమ్మ అంటారు. వెలిసిపోయిన బట్టలకి మళ్లీ రంగు ఎక్కించడం ఆవిడ పని. వెనక గదిలో పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద తొట్లు, కలపడానికి కర్రలు, ఆ చివర్నుంచి ఈ చివరికి దండేలు. ముందు గది సగం ఆవిడది, సగం నాది. నేను బట్టలు కుడతాను. చిన్నప్పుడు మా అమ్మ పనికి వెళుతూ నన్ను తన అక్క దగ్గర వదిలేసి పోయేది. అందుకే నాకు నోటిమాట కన్నా చేతిమాటే ముందొచ్చింది. ఇప్పటికీ ఒళ్లు మండితే ముందు నా చేతులే లేస్తాయి, ఎదుటివాళ్లు కొడతానేమోనని జడుసుకుంటారు.

ఒకసారి ఒక బ్యాండు బృందం వాళ్లు తమ కోట్లు పట్టుకొచ్చారు. ఒకటి కొత్తది, ఒకటి తాతలనాటిది, ఒకటి ఎండకి వెలిసి గులాబీ రంగులోకి దిగింది. అన్నీ ఒకటే ఎరుపు కావాలన్నారు. ఏ బట్ట ఎంత రంగు తాగుతుందో అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసుకుని, ఒక్కోదాన్ని ఒక్కోసేపు నానబెట్టి, అన్నిటినీ ఒకే ఎరుపులోకి తెచ్చింది. తీసుకెళ్లే రోజున వాళ్లు కొట్టు ముందే ఆ కోట్లు తొడుక్కుని వాయించారు. ఆవిడకి వినిపించదని తెలిసే వాయించారు. ఆవిడ గోడకి అరచెయ్యి ఆనించి, ఆఖరిదాకా నిలబడి, బాగుందని మెచ్చుకుంది. డోలు వాయించేవాడు కాస్త తొందరపడుతున్నాడని కూడా చెప్పింది. అది నేను వాళ్లకి చెప్పలేదు.

చేతులకి తొడుగులు వేసుకోమని ఎన్నిసార్లు పోరినా వినదు. "నీ నోటికి గుడ్డ కట్టి రోజంతా పనిచెయ్యమంటే చేస్తావా?" అంటుంది. కాబట్టి ఆవిడ చేతులు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. ఆ చేతులు చూసే ఈవేళ ఏ తొట్టి మరుగుతోందో వీధంతా చెప్పేస్తుంది.

పెద్దనాన్నకీ వినిపించదు. వడ్రంగి. ఆయనకి ఒక కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. మా చేతిభాషలో మనుషులకి పేర్లు వేరే ఉంటాయి, ఆయన పేరు ఒక కన్ను మూయడం. ఎవరో వెక్కిరించి పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు. చెక్క వంకర చూడాలంటే అందరూ ఒక కన్ను మూయాలి, తనకి ఆ శ్రమ లేదని ఆయన గొప్ప. మనిషి నెమ్మది. చేతులు గుండెల ముందు, జేబురుమాలంత చోటులో కదులుతాయి. ఆవిడ ఉరుము, ఆయన వాన తుంపర. అంత పెద్ద గొంతుని అన్నేళ్లు ఒంటికన్నుతో విన్న మనిషి మీద నాకు మొదట్నుంచీ గౌరవమే.

ఆయనకి దూరంగా వేరే ఊళ్లో పని దొరికింది. అక్కడ పెద్ద హోటలు కడుతున్నారు, గదిగదికీ తలుపులూ అల్మరాలూ బిగించాలి, నెలల పని. మధ్యాహ్నం భోజనానికి వదిలినప్పుడు ఫోనులో ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకోవాలి. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన ఫోను వచ్చేసరికి ఆవిడ చేతులు మోచేతుల దాకా తొట్టిలో ఉంటాయి. తడి వేలితో తీస్తే తెర కదలదు. కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టుకుని వచ్చేసరికి ఆయన భోజనం వేళ అయిపోయేది. తొందరపడి తీయబోయి తొట్టిలో పడేసిన ఫోన్లకి లెక్కలేదు. ఒకటి ఆకుపచ్చగా బయటికొచ్చింది. ఫోన్లు బాగుచేసేవాడు ఆవిడ వీధి మలుపు తిరగడం చూస్తే షట్టరు దించుకునే స్థితికి వచ్చాడు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆవిడ పరుగున వచ్చింది. నేను కత్తెర పట్టుకుని ఉన్నానని కూడా చూడకుండా రెక్క పట్టుకుని లాగింది. పెద్దవీధిలో ఫోన్ల షాపు అద్దం ముందు నిలబెట్టి, లోపలికి చూడమంది. లోపల షాపతను ఒక ఫోను ముందు వేలు గాల్లో అటూ ఇటూ కదుపుతున్నాడు. వేలు తెరకి ఆనడం లేదు. అయినా బొమ్మలు మారుతున్నాయి.

"చూశావా? దానికి నా భాష వచ్చు!" అంది పెద్దమ్మ.

నేను కాదు కాదంటూ చేతులు ఊపుతూనే ఉన్నాను. వింటేగా. లోపలికి దూసుకుపోయింది.

షాపతను మర్యాదస్తుడు. "ముట్టుకోనే అక్కర్లేదమ్మా. వేలు ఇంత దూరంలో పెట్టి పక్కకి ఊపితే పేజీ తిరుగుతుంది. పైకి ఊపితే ఫోను ఎత్తుతుంది, కిందికి ఊపితే పెట్టేస్తుంది. తడి చేతులైనా, మురికి చేతులైనా ఫర్వాలేదు" అన్నాడు. నేను చేతుల్లోకి మార్చి చెప్పాను. ఆవిడకి మొదటి ముక్కతోనే పని. ఫోనుకి ఎదురుగా నిలబడి, చిన్నపిల్లకి చెప్పినట్టు విడివిడిగా, "నా మొగుడికి ఫోను చెయ్యి" అని చేతులతో చెప్పింది.

ఫోను నాలుగు పేజీలు అటు తిప్పి, రెండు ఇటు తిప్పి, టక్కున ఆవిడ ఫోటో తీసింది.

"కొత్తది కదా. నేర్చుకుంటుంది" అంది పెద్దమ్మ.

"మేడంగారు ఏమంటున్నారండీ?" అనడిగాడు షాపతను.

"బాగుందంటోందండీ" అన్నాను. ఇంకేం చెప్పను?

కొనేసింది. ఆ ఫోనుకి వచ్చిన చేతిభాష మొత్తం కలిపినా పట్టుమని అయిదారు మాటలు ఉండవు. నేను ఆ సంగతి చెబుతూ దారంతా నవ్వుతూనే వచ్చాను. ఆ మధ్యాహ్నం మాత్రం నవ్వలేకపోయాను. పొయ్యి పక్కన అరలో ఫోను నిలబెట్టి ఉంది. ఆవిడ చేతులు నీలం తొట్టిలో ఉన్నాయి. తెర వెలిగింది. ఆవిడ చెయ్యి బయటికి తీసి, రంగు బొట్లు బొట్లుగా కారుతుండగానే, తెరకి బెత్తెడు దూరంలో పైకి ఊపింది. పెద్దనాన్న మొహం వచ్చింది. అంతే. కడుక్కోవడం లేదు, తుడుచుకోవడం లేదు. ఆయన అటునుంచి ఆశ్చర్యపోయి, "ఇంత త్వరగా ఎత్తావేంటి, పని లేదా?" అన్నాడు. ఆవిడ నీలం చేతులు ఎత్తి చూపించింది. ఎవడు కనిపెట్టాడో గాని ఆ ఫోను, వాడి చెయ్యి చల్లగా ఉండాలని ఆ క్షణంలో మనసారా అనుకున్నాను.

ఆ ముచ్చట కాస్తా ఎంతోసేపు నిలవలేదు. పెద్దమ్మ అసలు కబుర్లలో పడి భుజాల నుంచి మొదలుపెట్టగానే ఫోను టపీమని ఆగిపోయింది. మళ్లీ కలిపింది. మళ్లీ ఆగింది. ఆవిడ చెయ్యి కిందికి దిగినప్పుడల్లా, మాట ఇక చాలనుకుని ఆ ఫోను పెట్టేస్తోంది. అవతల పెద్దనాన్నకి ఈ సంగతి ఏం తెలుసు? మాట మధ్యలో పెళ్లాం తన మొహం మీదే ఫోను పెట్టేస్తోందంటే ఆయన మరోలా అర్థం చేసుకున్నాడు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. "కోప్పడకు. నువ్వు రంగు వేసిచ్చిన స్వెట్టరు పోగొట్టిన మాట నిజమే. నీకెవరు చెప్పారు?"

ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా తెలియనే తెలియదు. అప్పుడు మాత్రం నిజంగానే కోపం వచ్చింది.

ఫోను దూరంగా పెడితే సరిపోయేది, కానీ అంత దూరం నుంచి చూస్తే పెద్దనాన్న చిన్న చిన్న చేతులు తెరలో చీమల్లా కనిపిస్తాయి, ఒక్క మాట అర్థం కాదు. దగ్గరుండాలి, చేతులేమో ఎగరకూడదు. ఇక ఆవిడ ఏం చేసిందంటే, జన్మలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకుంది. మోచేతులు పొట్టకి అంటించుకుని, వేళ్లతోనే చెప్పడం. మొదటి రోజుల్లో మాటకి ముందు ఊపిరి బిగబట్టేది పాపం, చూస్తుంటే నాకే ఆయాసం వచ్చేది. పదిమంది చెప్పినా తగ్గని గొంతు, మొగుడి మొహం కాసేపు ఎక్కువ చూడటం కోసం తగ్గించుకుంది. పెద్దనాన్న సంబరం ఇంతా అంతా కాదు. "ఈ ఫోను కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. ఇన్నేళ్లలో నా వల్ల కానిది చేశాడు" అన్నాడు. ఆవిడ నెమ్మదిగానే తిట్టింది.

అలా బాగానే నడిచింది. పనిలో సగం, మాటల్లో సగం. ఆవిడ అక్కడి కొత్త అల్మరాలన్నీ చూసింది, ఆయన ఇక్కడి తొట్లన్నీ చూశాడు. రంగు కుదరనప్పుడు బట్ట ముక్క తెర ముందు పెట్టి అడిగేది కూడా.

తర్వాత ఆయన మాటిమాటికీ "మళ్లీ చెప్పు" అనడం మొదలుపెట్టాడు.

మొదట్లో ఆవిడ పట్టించుకోలేదు. నెమ్మదిగా మాట్లాడటం తనకింకా సరిగ్గా రాలేదేమో అనుకుంది. రానురాను తేలిందేమిటంటే, కుడిచేత్తో చెప్పినవి ఆయనకి తెలుస్తున్నాయి, ఎడమచేత్తో చెప్పినవి తెలియడం లేదు. రెండు చేతులూ కావలసిన మాటలు సగంలో విరిగిపోతున్నాయి. పెద్దమ్మ తీర్పు చెప్పేసింది. "ఫోను పాడైంది. నా ఎడమచేతిని మింగేస్తోంది." నాకూ అదే నిజమనిపించింది. గాల్లో చేతుల్ని పసిగట్టే ఫోను కదా, ఒక పక్క పసిగట్టేది చెడిపోయి ఉంటుంది, దాంతోపాటు బొమ్మా చెడి ఉంటుంది, అని నాకు నేనే ఒక సిద్ధాంతం కూడా చేసుకున్నాను. పెద్దనాన్న కూడా ఔను, ఫోనే అయి ఉంటుందన్నాడు. కాస్త గబగబా అన్నాడు. అది అప్పుడు నేను గమనించలేదు.

ఇద్దరం షాపుకి వెళ్లాం, నేను గొడవకి సిద్ధపడే వెళ్లాను. షాపతను ఓపికగా విన్నాడు. పెద్దమ్మ ఫోను నుంచి తన ఫోనుకి కలిపి, గుమ్మం దాకా వెళ్లి నిలబడి, "ఇప్పుడు మాట్లాడమనండి" అన్నాడు. పెద్దమ్మ మోచేతులు పొట్టకి అంటించుకునే, రెండు చేతులతో వాడి షాపునీ, వాడి సరుకునీ కడిగేసింది. అదృష్టం, వాడికి ఆ భాష రాదు. నేను అతని తెరలోకి తొంగిచూశాను. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, వేలి గోళ్లలో ఇరుక్కున్న నీలం రంగుతో సహా అద్దంలో కనిపించినట్టు కనిపిస్తున్నాయి.

"ఫోనుకేం లేదండీ. అవతల చూసేవాళ్ల వైపు ఏమన్నా ఉందేమో చూసుకోండి" అన్నాడతను. అతనన్నది పెద్దనాన్న ఫోను గురించి.

ఆ మాట నేను చేతులతో చెప్పాను. పెద్దమ్మ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆవిడ చేతులు అలా గాల్లో ఆగడం నేను అంతకుముందు చూడలేదు. ఎందుకో అప్పటికి నాకింకా తెలియదు.

దారంతా ఆవిడ నాకంటే ముందే నడిచింది. కొట్టుకి రాగానే ఫోను చేసింది. పెద్దనాన్న నవ్వుతూ కనిపించాడు. ఆవిడ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తి, ఆయన మొహం కోతి మొహంలా ఉందనీ, ఆయన కట్టే అల్మరాల్లో ఎలుకలు కూడా కాపురం ఉండవనీ అంది. ఆయన నవ్వు చెదరలేదు. ఆవిడ ఎప్పుడు మొదలుపెడుతుందా అని అలాగే ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆ ఎడమచెయ్యి ఆయనకి కనిపించనే లేదు. ఉన్నదే ఒక కన్ను.

ఆవిడ ఏడవలేదు. కుడిచేత్తో, "ఎన్నాళ్ల నుంచి?" అనడిగింది. ఆయన నవ్వు ఆపి, కన్ను నులుముకున్నాడు. చివరికి చెప్పాడు. పక్కనుంచి నల్లటి తెరలాంటిది వస్తోంది. రంపంపొట్టు వల్లేమో, పోతుందేమో అనుకున్నాడు. పోలేదు, జరుగుతూ జరుగుతూ మధ్యకి వస్తోంది. చెబితే ఆవిడ కంగారుపడుతుందని ఫోను మీదికి నెట్టేశాడు.

ఆయన చేత పనిచేయించే మేస్త్రీకి నేను ఫోను చేశాను. మంచివాడు, ఆ పూటే పని ఆపి కంటాసుపత్రికి తీసుకెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం అక్కణ్నుంచే మాట్లాడాడు.

"కంటి వెనకాల పొర ఊడివస్తోందంటమ్మా. మిగతాది ఊడకముందే అతికించాలి, ఇవాళే చెయ్యాలి అంటున్నారు డాక్టరుగారు. తప్పకుండా చూపొస్తుందని మాత్రం చెప్పలేమన్నారు. అంతే, మీ పెద్దనాన్న అడ్డంగా తలూపేశాడు. కాగితం మీద రాసి చూపించినా వద్దనే అంటున్నాడు. మంచం దిగి చెప్పులు వేసుకున్నాడు. మీరేమన్నా చెప్పుకోండి, నా వల్ల కావట్లేదు."

ఇక్కణ్నుంచి ఏ బండి ఎక్కినా చేరేది మర్నాటికే. అప్పటికి ఆ పొర నిలుస్తుందో లేదో డాక్టరుకే తెలియదు. ఉన్నదల్లా ఆ ఫోనే.

పెద్దమ్మ అరలో ఫోను ముందు నిలబడింది. ఆసుపత్రి మంచం అంచున పెద్దనాన్న కూర్చుని ఉన్నాడు. ఆయనే ముందు అన్నాడు, ఎప్పటిలాగే చిన్నగా. "అతికించబోయి ఉన్నది కూడా పోతే? ఇప్పుడు సగం కనిపిస్తోంది. నీ కుడిచెయ్యి చాలు నాకు. కన్ను మొత్తం పోయిన రోజున నువ్వు మాట్లాడటం ఆగిపోతుంది. ఇది ఉండనీ."

ఆవిడ జవాబు చెప్పబోయింది. చేతులు లేచాయి, ఫోను ఆగిపోయింది. మళ్లీ కలిపింది. మోచేతులు పొట్టకి నొక్కిపెట్టి మొదలుపెట్టింది, రెండో మాటకే భుజాలు కదిలాయి, ఫోను ఆగిపోయింది. మూడోసారి ఆయన ఎత్తాడు గానీ మొహం తిప్పేసుకున్నాడు. ఫోను సంగతి తెలిసినా, ఈసారి ఆవిడే కోపంతో పెట్టేస్తోందనుకున్నాడో, తన మాట అర్థమైంది కాబట్టి పెట్టేస్తోందనుకున్నాడో. "నీ చేతులు కూడా మసకగా ఉన్నాయి. తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

ఆవిడ ఫోను తీసి నా చేతిలో పెట్టింది. నన్ను వెనక్కి, ఇంకా వెనక్కి, గుమ్మం దాకా నెట్టి నిలబెట్టింది. "ఆయనేమంటున్నాడో నువ్వు చూసి చెప్పు" అంది. తర్వాత దండెం మీదినుంచి ఒక తెల్ల దుప్పటి లాగింది. మా ఊరి హోటలువాళ్లది, చలవచేసి ఆరేసింది. మా కొట్టులో తెల్లబట్ట జోలికి ఎవరూ పోకూడదు. దాని దరిదాపుల్లో తడిచేతులతో నడిచినందుకే నేను ఎన్నోసార్లు తిట్లు తిన్నాను. ఆవిడ ఆ దుప్పటిని మెడ నుంచి కాళ్ల దాకా ఒంటికి చుట్టేసుకుని, చేతులు బయటికి తీసి, ముదురు నీలం తొట్టిలో మోచేతుల దాకా ముంచింది. తెల్లటి దుప్పటి ముందు ఆ రెండు చేతులూ రాత్రిలా నల్లనీలంగా లేచాయి.

నేను వెనక కెమెరా ఆవిడ వైపు ఉండేలా ఫోను తిప్పి పట్టుకున్నాను. పెద్దనాన్న కాసేపు చూసి, తల కాస్త పక్కకి తిప్పి, చూపున్న వైపుకి ఆవిణ్ని తెచ్చుకున్నాడు. "కనిపిస్తున్నాయి" అన్నాడు. చెప్పాను.

అప్పుడు మా పెద్దమ్మ మాట్లాడింది. భుజాల నుంచి, నడుం నుంచి, పాదాల నుంచి మాట్లాడింది.

"నా కుడిచెయ్యి చాలా నీకు? ఎడమచెయ్యి ఏం పాపం చేసింది? దాన్లో మాటలు లేవా? నన్ను సగం చేసుకుని కూర్చుంటానంటావా? నేను ఒప్పుకోను. రేపటికి ఆ సగం కూడా ఉండదు, అది నీకూ తెలుసు. తెలిసే భయపడుతున్నావు."

"పోతే?" అన్నాడాయన. అదొక్కటే అన్నాడు. నేను ఒంటిచేత్తో ఆవిడకి చెప్పాను.

"పోతే నీ చేతులు నా చేతుల మీద పెట్టుకుందువు గాని. నా చేతులు ఎటు కదిలితే అటు రా. చీకట్లో నా చేతులు వేరేవాళ్లవి అయిపోతాయా? నేను ఆగిపోతానంటావేంటి? ఇన్నేళ్లలో నన్ను ఆపగలిగినవాణ్ని ఒక్కణ్ని చూపించు. నువ్వు వినకపోయినా చెబుతాను, నువ్వు చూడకపోయినా చెబుతాను. చెప్పులు విప్పు. వెళ్లి పడుకో. నేను బయల్దేరుతున్నాను."

ఆవిడ చేతి నుంచి రంగు చిమ్మి దుప్పటి నిండా పడింది, గోడ మీద పడింది, నా మొహం మీద కూడా పడింది. తుడుచుకోవడానికి నా చెయ్యి ఖాళీ లేదు, తుడుచుకోవాలనీ అనిపించలేదు. నేను ఈ మనిషి దగ్గర పెరిగానని ఆ నిమిషంలో నాకు కలిగినంత గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

పెద్దనాన్న వంగి, చెప్పులు విప్పి, మంచం కిందికి నెట్టాడు.

ఆ సాయంత్రమే మేమిద్దరం బస్సెక్కాం. దారిలో ఉండగానే మేస్త్రీ ఫోను చేశాడు. పని అయిందనీ, పొర అతుక్కుందనే డాక్టరు అంటున్నాడనీ చెప్పాడు. ఆ కంటికి తర్వాత చూపు వచ్చింది కూడా, అంతా కాదు గానీ, రంపం పట్టుకునేంత, పెళ్లాంతో పోట్లాడేంత. ఫోనులో మాట్లాడేటప్పుడు గాల్లో చేతుల్ని పసిగట్టకుండా ఆపే మీట ఒకటి ఉందని కూడా ఆ తర్వాతే తెలిసింది. షాపతను రెండుసార్లు వేలు ఊపి చేసి పెట్టాడు. ఫోను ఇప్పటికీ అరలోనే ఉంది, ఇప్పటికీ ఆవిడకి ప్రాణం. ఇవన్నీ తర్వాతి సంగతులు. మేము ఆసుపత్రికి చేరేసరికి మాత్రం చూపు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

గదిలో పెద్దనాన్న బోర్లా పడుకుని ఉన్నాడు. అలాంటి ఆపరేషను చేసినవాళ్లు కొన్నాళ్లు మొహం కిందికి పెట్టే ఉండాలట. కంటికి కట్టు. రెండో కన్ను ఎప్పుడో లేదు. వినిపించదు, కనిపించదు, తల ఎత్తకూడదు. రాత్రి నుంచీ ఎవరు వచ్చి ముట్టుకున్నా ఉలిక్కిపడుతున్నాడని నర్సు చెప్పింది. మందు వేయడానికి కూడా భయపడుతున్నారట. చేతులు మంచానికి చెరోపక్కా వేలాడుతున్నాయి.

పెద్దమ్మ నేల మీద, మంచం తలవైపు కూర్చుంది. ఆవిడ చేతులకి నిన్నటి నీలం అలాగే ఉంది. ఆయన రెండు చేతులూ తీసుకుని, తన చేతుల మీద బోర్లా పెట్టుకుంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆయన వేళ్లు ఆవిడ వేళ్లని, కణుపుల్ని, రంగుతో గరుకెక్కిన అరచేతుల్ని మెల్లగా తడిమాయి. ఆవిడ చేతులు కదిలించింది. నేను వచ్చాను, అంది. ఆయన చేతులు ఆ చేతుల మీద ఎక్కి, అవి పోయిన దారినే పోయాయి. ఒకసారి తప్పాయి, వెనక్కి వచ్చాయి. ఇంకోసారి చెప్పింది, ఈసారి తప్పలేదు. అప్పుడు ఆయన చేతులు కిందికి దిగాయి, ఆవిడ చేతులు వాటి మీదికి వచ్చాయి, ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో నాకు తెలుసు, నాకా భాష వచ్చు. కానీ అది నాకు చెప్పింది కాదు కాబట్టి కిటికీ వైపు తిరిగాను.

మధ్యాహ్నానికి నర్సు వచ్చింది. చూసేవాళ్ల వేళ అయిపోయిందనీ, రోగిని నిద్రపోనివ్వాలనీ అంది. "మీ పెద్దమ్మగార్ని లేవమనండి. సాయంత్రం మళ్లీ రావచ్చు. అన్నీ అప్పుడు చెప్పుకోవచ్చు."

నేను వెళ్లి పెద్దమ్మ భుజం తట్టి, నర్సు మాట చెప్పాను. ఆవిడ చేతులు ఖాళీగా లేవు. పెదాలతో, కళ్లతో, గడ్డం ఒకసారి ఆయన వైపు ఊపి చెప్పింది. నేను నర్సుకి వినిపించాను.

"లేవలేనంటోందండీ. ఆయనింకా మాట్లాడుతున్నాడట."